ఆర్32 జీటీ-ఆర్‌లో సింగిల్ టర్బో, బయటికి కనిపించకుండా కిందకి బిగించాలి: సలహాలు కావాలి

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 9 మార్చి 2024

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నా దగ్గర 1991 నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఉంది. నిస్సాన్ ఆస్ట్రేలియాలో అధికారికంగా అమ్మిన వంద కార్లలోది కాదు, తర్వాత జపాన్ నుంచి దిగుమతైనది. చదువుకోవడానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో, మా సందు చివర ఒకాయన ఇలాంటి కారు బానెట్ ఎత్తి పని చేసుకుంటుంటే అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు క్లాసు పోయింది. పదమూడేళ్ల తర్వాత నా సొంతం కొనుక్కున్నాను. అందుకే ఆ బానెట్ కింద కనిపించే దృశ్యం నాకు ముఖ్యం.

ఇప్పుడు సమస్య. ఈ కారు ఇంజిన్‌కి రెండు టర్బోలు (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేవి) ఉంటాయి. వెనకదాని నుంచి సన్నగా ఈలలాంటి మోత వస్తోంది. ఫ్యాక్టరీ టర్బోల్లో టర్బైన్ చక్రాలు సిరామిక్‌వి. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచితే అవి ముక్కలవుతాయని అందరికీ తెలిసిందే. కాబట్టి ఎలాగూ విప్పాలి. విప్పినప్పుడే రెండూ తీసేసి ఒక్క టర్బో పెట్టాలని నా కోరిక. కానీ బానెట్ ఎత్తగానే పెద్ద నత్తగుల్లలాంటి టర్బో పైకి తేలి మెరవకూడదు. ఇంజిన్ పక్కన కిందకి, ఫ్యాక్టరీ టర్బోలు ఉన్న చోటనే ఒదిగి ఉండాలి.

నాకు కావలసినవి: 98 ఆక్టేన్ పెట్రోల్ మీద చక్రాల దగ్గర 300 కిలోవాట్ల శక్తి చాలు. ఏసీ ఉండాలి. పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉండాలి. మా పాప వెనక సీట్లో నిద్రపోగలగాలి. ఈ కారు ఇంజిన్ ఆర్‌బీ26లో ఇలా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

డాలస్_చక్రాలు | టెక్సస్ | 9 మార్చి 2024

స్వాగతం బ్రదర్. నాదీ ఆర్32నే. ఇలాంటి కార్లని 25 ఏళ్లు నిండాకే దిగుమతి చేసుకోనిచ్చే అమెరికా నిబంధన వల్ల 2014 నుంచే వీటిని తెచ్చుకోగలిగాం.

సూటిగా అడుగుతాను, అసలు సింగిల్ ఎందుకు? ఒరిజినల్ లాగే కనిపించాలంటే ఒరిజినల్ చోట్లోనే సరిపోయే రెండు కొత్త టర్బోలు పెట్టు. గారెట్ అనే టర్బోల కంపెనీలో మన కార్లకి డాష్-9 జత, డాష్-5 జత ఉన్నాయి. డాష్-9తో బూస్ట్ తొందరగా వస్తుంది, 300 దరిదాపులకి చేరుతుంది. మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే పైపుల గుత్తి) మార్చక్కర్లేదు, పైపులు మార్చక్కర్లేదు. ఫ్యాక్టరీ హీట్ షీల్డ్ రేకు కూడా తిరిగి కూర్చుంటుంది. నువ్వు కోరే అందం అదే కదా?

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 10 మార్చి 2024

అన్నా, అది కూడా ఆలోచించాను. కానీ ఆ జత టర్బోలు విప్పి బిగించిన వాళ్ల అనుభవాలు చదివితే భయం వేసింది. నీళ్ల పైపులు, నూనె పైపులు, అన్నీ రెండేసి. ఒక చిన్న వాషర్ కారితే మళ్లీ అంతా విప్పాలి. ఒక్క టర్బో అయితే పైపులు సగం అవుతాయి. ఇక రెండో కారణం మనసుది. ఆరు సిలిండర్ల గాలి ఒకే చక్రాన్ని తిప్పితే ఆ లాగుడు వేరుగా ఉంటుంది. ఒక స్నేహితుడి కారులో కూర్చున్నాక మర్చిపోలేకపోతున్నాను.

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 10 మార్చి 2024

విజయవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్లు, ఇక్కడ ఇరవై ఏళ్లు మానిఫోల్డులు అతికిన చేతులు నావి. ఈ పని ఐదు కార్లకి చేశాను, అందులో రెండు ఆర్‌బీ26లు. ఓపిగ్గా చదువు బాబూ.

పైకి బిగించే పద్ధతిని జనం ఆడంబరం అనుకుంటారు. దానికి బలమైన కారణం ఉంది. టర్బో ఎత్తులో ఉంటే మూడు పనులు సులువవుతాయి: నూనె కిందకి దిగడం, వేస్ట్‌గేట్‌కి (బూస్ట్ హద్దు దాటకుండా ఎక్కువైన పొగని పక్కకి వదిలే వాల్వుకి) మంచి చోటు దొరకడం, పైపులన్నీ ఇంచుమించు ఒకే పొడవు రావడం. కిందకి దించితే ఈ మూడూ కష్టమవుతాయి. అది ముందే ఒప్పుకుని మొదలుపెట్టు.

అన్నిటికన్నా పెద్దది నూనె. టర్బోలోకి నూనె పంపు ఒత్తిడితో వస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని నెట్టేవాడు ఎవడూ లేడు, తన బరువుతో తనే కిందకి జారాలి. లోపల బేరింగ్ గుండా తిరిగొచ్చే నూనె నురగనురగగా ఉంటుంది, అందుకే లోపలికి వచ్చే గొట్టం సన్నం, బయటికి పోయే గొట్టం లావు. మా ఊరు దివిసీమ వైపు. పొలానికి నీళ్లు పెట్టే కాలువ గురించి అందరూ కొట్లాడుకుంటారు. మురుగు కాలువ పొలం కన్నా కిందకి లేకపోతే పంట కుళ్లిపోతుందని నాట్లు వేశాక గుర్తొస్తుంది. టర్బో కూడా అంతే. నీరు పల్లమెరుగు అన్నారు, నూనెకీ అదే లెక్క.

గారెట్ వాళ్లు చెప్పేది, నూనె దిగే రంధ్రం నిట్టనిలువుకి 35 డిగ్రీలు దాటి వంగకూడదని. నేనైతే 15 దాటనివ్వను. గొట్టం పది నంబరుది వాడు. దారిలో ఎక్కడా అడ్డంగా పడుకోకూడదు, జోలెలా వేలాడకూడదు. సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టిలో, నూనె మట్టానికి పైన కలవాలి. మన కారుకి ముందు చక్రాలకి శక్తి పంచే డిఫ్ సంప్‌కే అంటుకుని ఉంటుంది కాబట్టి కింద చోటు తక్కువ. అందుకని ముందు నూనె దారి గీసుకో, తర్వాత టర్బో ఎక్కడ ఉండాలో నిర్ణయించు. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు.

రెండోది వేడి. ఆర్‌బీలో ఎగ్జాస్ట్ కుడివైపు. మన కార్ల స్టీరింగూ కుడివైపే. అంటే స్టీరింగ్ కడ్డీ, బ్రేక్ మాస్టర్ సిలిండర్ అన్నీ ఆ పొయ్యి పక్కనే కాపురం. బ్రేక్ నూనె మరిగితే పెడల్ నేలకి తగులుతుంది. ఇది ప్రాణాల విషయం. కాబట్టి టర్బోకి దుప్పటి, మానిఫోల్డ్‌కి సిరామిక్ పూత, బ్రేక్ గొట్టాలకి రేకు కవచం, ఈ మూడింటికీ డబ్బు పక్కన పెట్టాకే టర్బో కొను. మానిఫోల్డ్‌కి గుడ్డ పట్టీ చుట్టమని ఎవరైనా అంటే వద్దను. స్టెయిన్‌లెస్ మీద పట్టీ వేడిని లోపలే బంధిస్తుంది, అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి. నా చేతి అతుకులే అలా పగలడం చూశాను.

వేస్ట్‌గేట్ గురించి క్లుప్తంగా: ఆరు పైపులూ కలిసిన చోట, గాలి వెళ్లే దిశలోనే దాని కొమ్మ రావాలి. చోటు లేదని వెనక్కి తిప్పి అతికితే బూస్ట్ నీ మాట వినదు, ఆర్‌పీఎమ్‌తో పాటు పాక్కుంటూ పోతుంది.

కొత్తమీట_గేర్ | మెల్బోర్న్ | 11 మార్చి 2024

బాబాయ్ పోస్ట్ సేవ్ చేసుకున్నాను. ఒక సందేహం. టర్బో కిందకి పెట్టి, పైన పాత రేకు కప్పేస్తే పోలీసులకి తెలియదు కదా. అలాంటప్పుడు ఇంజనీర్ సర్టిఫికెట్‌కి వేల డాలర్లు ఎందుకు?

నెమ్మది_నడక | మెల్బోర్న్ | 11 మార్చి 2024

తమ్ముడూ, దీనికి జవాబు నేను చెప్పాలి.

నా పాత కారుకి టర్బో మార్చాను. ఎవరికీ తెలియదు, నేను కూడా ఎవరికీ చెప్పలేదు. ఒక వర్షం రోజు వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. తప్పు నాది కాదు. అయినా పరిశీలనకి వచ్చినాయన బానెట్ ఎత్తి పది నిమిషాల్లో కనిపెట్టాడు. బీమా కంపెనీకి చెప్పని మార్పు ఉందని నా క్లెయిమ్ ఆపేశారు. ఎనిమిది నెలలు తిరిగాను. ఆ ఎనిమిది నెలలూ మా ఆవిడ బస్సులో ఉద్యోగానికి వెళ్లింది. నాకు అది ఇప్పటికీ బాధే.

విక్టోరియాలో ఇంజిన్ శక్తి బాగా పెరిగే మార్పులకి వీఏఎస్‌ఎస్ పద్ధతి కింద గుర్తింపు ఉన్న ఇంజనీరు చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆయన్ని పని మొదలుపెట్టక ముందే కలవాలి. బ్రేకులు సరిపోతాయా, ఏ పైపు ఎక్కడ పోతుంది, ఏం కొలుస్తారు అన్నీ ముందే చెప్తారు. అంతా అతికేశాక వెళ్తే సగం విప్పమంటారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇంకో మాట, నువ్వు ఇంకా పీ ప్లేట్ (కొత్త డ్రైవర్ల లైసెన్సు) మీద ఉంటే, శక్తి పెంచిన కారు నడపడమే నీకు ఇక్కడ నిషిద్ధం. ఎంత దాచినా సరే.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 11 మార్చి 2024

నెమ్మది గారూ, చెప్పినందుకు ధన్యవాదాలు. నేను "కనిపించకుండా" అన్నది పోలీసుల కోసం కాదని స్పష్టంగా రాయాల్సింది. ఆ ఇంజిన్ గది 1991లో ఎలా ఉందో అలాగే కనిపించాలన్నదే నా ఆశ. ఇంజనీరు గారితో వచ్చే వారం కలవడానికి సమయం తీసుకున్నాను.

హైదరాబాద్_వీఆర్‌ఎస్ | హైదరాబాద్ | 12 మార్చి 2024

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్. ఇక్కడ ఐఎస్20 టర్బో తీసి, దానికన్నా పెద్దదైన ఐఎస్38 పెట్టుకుంటారు. అదే చోట, అవే బోల్టులు. ఇంజిన్‌కీ క్యాబిన్ గోడకీ మధ్య ఉంటుంది కాబట్టి బయటికి తేడానే తెలియదు. నూనె దారి ఫ్యాక్టరీదే కాబట్టి మీ బాధలేవీ ఉండవు. ఇలాంటి చోట కూడా బాబాయ్ చెప్పిన జాగ్రత్తలు అవసరమా?

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 12 మార్చి 2024

నూనె దారి ఫ్యాక్టరీదైతే సగం దిగులు పోయినట్టే బాబూ. కానీ కొత్త గ్యాస్కెట్లు వెయ్యి, నూనె వచ్చే పైపులో మసి గడ్డకట్టిందేమో చూడు, వీలైతే ఆ పైపు కొత్తది తెచ్చుకో. పాత పైపుతో కొత్త టర్బో చచ్చిపోవడం నేను చాలాసార్లు చూశాను.

నెమ్మది_నడక | మెల్బోర్న్ | 12 మార్చి 2024

హైదరాబాద్ తమ్ముడికి ఇంకొకటి. మన దేశంలో ఇక్కడిలా ఇంజనీరు ధ్రువపత్రం దారి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి యజమానికి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని పెట్టారు. తెలిసే చేస్తున్నావేమోనని చెప్తున్నాను.

డాలస్_చక్రాలు | టెక్సస్ | 15 మార్చి 2024

సరే, సింగిల్ అనే నిర్ణయించుకున్నావు కాబట్టి ఏ టర్బో? బోర్గ్‌వార్నర్ కంపెనీ ఈఎఫ్ఆర్ టర్బోల వైపు చూశావా? గాలి వెనక్కి మళ్లించే వాల్వు దాని ఒంట్లోనే ఉంటుంది, లోపలి వేస్ట్‌గేట్‌తో కూడా దొరుకుతుంది. పైపులు తగ్గుతాయి, కంటికి శుభ్రంగా ఉంటుంది.

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 15 మార్చి 2024

మంచి టర్బోనే, కాదనను. కానీ దాని ఒళ్లు పెద్దది. కింద, చాసిస్ పట్టాకీ ఇంజిన్‌కీ మధ్య ఇరికించాలంటే ఆ వేస్ట్‌గేట్ డబ్బా ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఈ పనికి గారెట్ జీటీఎక్స్3076ఆర్ చాలు. 300 కిలోవాట్లకి దాని ఊపిరి సరిపోతుంది, ఒళ్లు చిన్నది. వేస్ట్‌గేట్ బయటిది పెట్టి, దాని గాలిని తిరిగి సైలెన్సర్ పైపులోనే కలిపెయ్. విడిగా బయటికి వదిలితే నీ పాప నిద్రపోదు, ఊరూ నిద్రపోదు.

ఇంతకీ నీ ఇంజిన్ ఎప్పుడైనా విప్పారా? తొలి ఆర్32ల్లో క్రాంక్ మీద నూనె పంపుని తిప్పే భాగం పొట్టిగా ఉంటుంది. శక్తి పెంచి ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో తిప్పితే పంపు పళ్లు పగులుతాయి. పంపు ఆగితే టర్బో గురించి మాట్లాడుకోవడానికి ఇంజినే ఉండదు.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 16 మార్చి 2024

బాబాయ్, ముందు యజమాని 2017లో ఇంజిన్ కట్టించాడు. క్రాంక్ మీద ఆ పొట్టి భాగానికి పొడవు కాలర్ వేశారు, కొత్త నూనె పంపు వేశారు, బిల్లులు ఉన్నాయి. ఇంజిన్ తల భాగంలోకి (సిలిండర్ హెడ్) వెళ్లే నూనెకి రెస్ట్రిక్టర్ (ప్రవాహం తగ్గించే సన్న రంధ్రం ఉన్న ముక్క) కూడా వేశారట.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 2 జూన్ 2024

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. పని సగమైంది.

జీటీఎక్స్3076ఆర్ టర్బో, 0.83 సైజు టర్బైన్ హౌసింగ్‌తో తీసుకున్నాను. పాత టర్బోలు విప్పి చూస్తే వెనకదాని సిరామిక్ చక్రం అంచున గోరంత ముక్క లేదు. అది ఎటు వెళ్లిందో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బోరోస్కోప్‌తో (సన్న గొట్టం కెమెరాతో) ఆరు సిలిండర్లూ చూపించాను, గోడల మీద గీతలు లేవు.

మానిఫోల్డ్ చేసే ఆయన దగ్గర ఖాళీ టర్బో గుల్ల ఉంది. దాన్ని తాడుతో వేలాడదీసి నాలుగు గంటలు అటూ ఇటూ జరిపాం. బాబాయ్ చెప్పినట్టు ముందు నూనె దారికి సుద్దముక్కతో గీత గీశాం. స్టీరింగ్ కడ్డీకి 12 మిల్లీమీటర్లు ఎడం వస్తోంది. చాలా?

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 2 జూన్ 2024

చాలదు. ఇంజిన్ కదలకుండా కూర్చున్నప్పుడు అది 12. నువ్వు రెండో గేరులో పాదం నొక్కితే ఇంజిన్ మౌంట్ల మీద ఒరుగుతుంది. పైగా వేడికి ఇనుము సాగుతుంది. 20 తగ్గకుండా చూడు, మధ్యలో రేకు కవచం పెట్టు. మౌంట్లు పాతవైతే ఇప్పుడే మార్చెయ్.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 3 జూన్ 2024

మౌంట్లు మార్చాం, టర్బోని కొద్దిగా ముందుకి జరిపి 22 తెచ్చాం. ఏసీ గొట్టం ఒకటి వంచాల్సి వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి వచ్చే రెండు పైపుల్నీ టర్బో నోటి దగ్గర ఒకటిగా కలిపాం. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మార్చాను కాబట్టి పాత ఎయిర్‌ఫ్లో మీటర్లతో పని లేదు. అయినా ఖాళీ గుల్లల్ని వాటి చోట్లోనే ఉంచాను. పాత హీట్ షీల్డ్ కొలతలతో కొత్త రేకు కొట్టించి, అదే మసక రంగు వేయించాను. పైనుంచి చూస్తే ఒక్క టర్బో అని నాకే తెలియడం లేదు!

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 21 జులై 2024

కారు నడుస్తోంది. కానీ టెన్షన్‌గా ఉంది.

ట్యూనింగ్‌కి ముందు తక్కువ బూస్ట్‌లో మెల్లగా తిప్పుతున్నాం. ఫ్రీవే మీద ఇరవై నిమిషాలు నడిపి, దిగి సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి నీలం పొగ. మొదట పది సెకన్లు ఏమీ ఉండదు, తర్వాత మెల్లగా లేస్తుంది, పాదం నొక్కితే గుప్పుమని వచ్చి ఆగిపోతుంది. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఏమీ లేదు. కొత్త టర్బో సీలు పోయిందని బిగించిన చోట అంటున్నారు, వెనక్కి పంపమంటున్నారు. ఏం చెయ్యను?

డాలస్_చక్రాలు | టెక్సస్ | 21 జులై 2024

నాకూ సీలే అనిపిస్తోంది. వారంటీ ఉన్నప్పుడే పంపెయ్ బ్రదర్.

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 22 జులై 2024

పంపకు. వాళ్లు విప్పి, బాగానే ఉందని ఆరు వారాల తర్వాత తిరిగి పంపుతారు.

టర్బోలో సీలు అంటే రబ్బరు వాషర్ కాదు. పిస్టన్ రింగులాంటి సన్నటి ఉంగరం. నిలబడిన నూనెని ఆపడం దాని పని కాదు. లోపల నూనె నిలవకుండా దిగిపోతే, బయటి గాలి ఒత్తిడి తోడై ఆ ఉంగరం సరిపోతుంది. నూనె నిలిచిందా, కొత్తదైనా కారుతుంది. నీ లక్షణాలు చూడు: వేడి మీద, ఐడిల్‌లో, కాసేపు ఆగాక. ఐడిల్‌లో ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి ఉండదు, అప్పుడే నూనె ఆ పక్కకి పొర్లుతుంది. ఇది దారి మూసుకున్న లక్షణం.

కారణాలు మూడే. నూనె ఎక్కువ వస్తోంది, లేదా దిగే దారి బాగాలేదు, లేదా ఇంజిన్ కడుపులో (క్రాంక్‌కేస్‌లో) ఒత్తిడి పెరిగి కింద నుంచి నూనెని ఆపేస్తోంది. ఒక్కొక్కటే పరీక్షించు. వారం పడుతుంది, పట్టనీ.

ముందు సులువైన పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కించు. ఆపి, టర్బో నుంచి నూనె దిగే రిటర్న్ గొట్టాన్ని ఇంజిన్ వైపు విప్పి, ఆ రంధ్రానికి మూత పెట్టు. గొట్టాన్ని నిటారుగా ఒక డబ్బాలోకి వదులు. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. పక్కన ఒక మనిషి నూనె మట్టం చూస్తూ ఉండాలి, డబ్బాలోకి వచ్చినదంతా ఇంజిన్ నుంచి పోయినదే కాబట్టి అంతకన్నా ఎక్కువసేపు వద్దు. చేతికి గ్లౌజులు, పక్కన మంటలార్పే సిలిండర్. పొగ ఆగితే టర్బో మంచిదే, తప్పు దారిది.

నెమ్మది_నడక | మెల్బోర్న్ | 22 జులై 2024

శనివారం నేను వస్తాను పాయింట్‌కుక్. నూనె మట్టం చూసే మనిషిని నేనే.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 28 జులై 2024

నిన్న నెమ్మది గారు పొద్దున్నే వచ్చారు. మా ఆవిడ పెసరట్లు వేసింది, తినేసి కారు కిందకి దూరాం.

డబ్బా పరీక్ష చేశాం. రెండున్నర నిమిషాలు ఐడిల్. ఒక్క చుక్క పొగ లేదు! గొట్టం తిరిగి పాత చోట పెట్టి మళ్లీ నడిపి వచ్చాం. సిగ్నల్ దగ్గరికి కూడా వెళ్లక్కర్లేకపోయింది, ఇంటి ముందే పొగ లేచింది. అంటే టర్బో ఆరోగ్యంగా ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత కారణం వెతికాం. పని చేసినప్పుడు మేం గీసిన గీత ప్రకారం గొట్టం బాగానే దిగాలి. కానీ టర్బోని స్టీరింగ్ కడ్డీకి దూరంగా ముందుకి జరిపాం కదా, ఆ పది మిల్లీమీటర్ల కోసం గొట్టం దారి మారింది. టర్బో నుంచి నిటారుగా దిగి, ఏసీ బ్రాకెట్ మీదుగా దాదాపు అరచేయి వెడల్పు అడ్డంగా పడుకుని, తర్వాత దిగుతోంది. ఆ అడ్డం భాగం మధ్యలో కాస్త కుంగింది కూడా. నేను దాన్ని చూశాను, చూసి ఫర్వాలేదనుకున్నాను. నూనె లోపలికి వచ్చే పైపులో రెస్ట్రిక్టర్ కూడా లేదు. పెట్టారనుకున్నాను, అడగలేదు.

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 28 జులై 2024

దొరికింది కదా, ఇక దిగులు లేదు. బాల్ బేరింగ్ టర్బోకి నూనె తక్కువ చాలు. ఒక మిల్లీమీటరు రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ పెట్టు. మరీ సన్నది పెట్టొద్దు, ఈసారి బేరింగ్ ఎండుతుంది. పెట్టాక వేడి మీద, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో టర్బో ముందు నూనె ఒత్తిడి ఒకసారి కొలిపించు. గారెట్ 40 నుంచి 45 పీఎస్‌ఐ చెబుతుంది.

టర్బో మధ్య భాగాన్ని రెండు హౌసింగుల మధ్య తిప్పుకోవచ్చని మర్చిపోకు. నూనె రంధ్రం సరిగ్గా కిందకి చూసేలా తిప్పి, మళ్లీ బిగించు. ఏసీ బ్రాకెట్ దగ్గర గొట్టం వద్దు, ఉక్కు పైపు వంచి అతికించు. ఉక్కు పైపు కుంగదు. చివర మాత్రం చిన్న గొట్టం ముక్క, ఇంజిన్ కదలికకి.

అలాగే ఇంజిన్ కడుపు ఒత్తిడి కూడా కొలవమను. ఆర్‌బీ26లో తల భాగంలో నూనె నిలవడం పాత జబ్బు. ఇవాళ అది కారణం కాకపోవచ్చు, ట్రాక్ మీద పెద్ద మలుపుల్లో అదే కారణమవుతుంది.

కొత్తమీట_గేర్ | మెల్బోర్న్ | 29 జులై 2024

కిందకి పెట్టిన టర్బోలకి నూనె లాగే చిన్న ఎలక్ట్రిక్ పంపులు ఉంటాయి కదా? అది పెడితే ఈ వాలు గొడవే ఉండదేమో?

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 29 జులై 2024

ఉంటాయి బాబూ. టర్బోని వెనక సైలెన్సర్ దగ్గర పెట్టేవాళ్లకి వేరే దారి లేదు, వాడాల్సిందే. కానీ ఆ పంపు ఆగిన రోజున రోడ్డు మీద తెల్లారుతుంది నీ బతుకు. వాలుకి ఫ్యూజు ఉండదు, వైరు ఉండదు. వాలు దొరికే చోట వాలే వాడాలి.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 18 ఆగస్టు 2024

ఉక్కు పైపు వంచి పెట్టాం. టర్బో మధ్య భాగం తిప్పాం, రంధ్రం ఇప్పుడు నిలువుకి ఏడెనిమిది డిగ్రీలే. ఒక మిల్లీమీటరు రెస్ట్రిక్టర్ వేశాం, ఒత్తిడి కొలిపిస్తే సరిపోయింది. ఇంజిన్ కడుపు ఒత్తిడీ బాగానే ఉంది. అయినా క్యాచ్ క్యాన్‌కి (ఇంజిన్ ఆవిరిలోని నూనెని పట్టే డబ్బాకి) వెళ్లే గొట్టాలు లావువి మార్చాం.

నాలుగు వందల కిలోమీటర్లు నడిపాను. బల్లారట్ దాకా వెళ్లి వచ్చాను, దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా అద్దంలోనే చూస్తూ కూర్చున్నాను. పొగ లేదు.

డాలస్_చక్రాలు | టెక్సస్ | 18 ఆగస్టు 2024

చాలా సంతోషం బ్రదర్. వారంటీకి పంపమన్నది నేనే, నా సలహా విని ఉంటే ఆరు వారాలు పోయేవి. బాబాయ్ గారికి దండం. నేను కూడా వచ్చే చలికాలం నా కారుకి ఇదే పని చేద్దామనుకుంటున్నాను, డాష్-9లు అమ్మకానికి పెట్టేస్తా.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 6 అక్టోబర్ 2024

ఫలితాలు. 98 పెట్రోల్, 18 పీఎస్‌ఐ బూస్ట్, చక్రాల దగ్గర 306 కిలోవాట్లు. ఇంకా ఉందని ట్యూనర్ అన్నాడు, నేనే ఆపమన్నాను. 3,700 ఆర్‌పీఎమ్ దగ్గరే పూర్తి బూస్ట్ వచ్చేస్తోంది. పైన 7,500 దాకా బూస్ట్ గీత బల్లపరుపుగా ఉంది, పాకడం లేదు. వేస్ట్‌గేట్ కొమ్మ గురించి బాబాయ్ రాసిన రెండు వాక్యాలని మానిఫోల్డ్ చేసిన ఆయనకి అనువాదం చేసి చదివి వినిపించాను.

ఇంజనీరు గారు రెండుసార్లు చూశారు. శబ్దం కొలిచారు, మా కార్లకి ఇక్కడ పరిమితి 90 డెసిబెల్స్, నాది లోపలే ఉంది. మాస్టర్ సిలిండర్ పక్కన పెట్టిన కవచం ఫోటో తీసుకున్నారు. ధ్రువపత్రం వచ్చింది, కాపీ బీమా కంపెనీకి పంపాను. ప్రీమియం పెరిగింది, పెరగనీ.

నిన్న ఒక కార్ల కలయికలో బానెట్ ఎత్తి పెట్టాను. ఆర్32లు చాలా ఏళ్లుగా చూస్తున్న పెద్దాయన ఒకరు వంగి చూసి, "బాగా కాపాడుకున్నావు, అన్నీ ఒరిజినలే" అన్నారు. నేను రేకు కింద వేలు పెట్టి చూపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని అయిదు నిమిషాలు ఆ నూనె పైపునే చూశారు.

వెల్డింగ్_బాబాయ్ | సిడ్నీ | 6 అక్టోబర్ 2024

చాలా ఆనందంగా ఉంది బాబూ. ట్రాక్‌కి తీసుకెళ్లే ముందు మానిఫోల్డ్ నట్లు ఒకసారి చల్లగా ఉన్నప్పుడు బిగించి చూసుకో. మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఒకటో రెండో వదులవుతాయి, ముఖ్యంగా ఆరో సిలిండర్ దగ్గరివి, చెయ్యి పట్టదని అందరూ వదిలేసేవి. ఆ ఉక్కు పైపు ఫోటో, కొలతలతో, ఇక్కడ పెట్టు. డాలస్ అబ్బాయికి పనికొస్తుంది.

పాయింట్‌కుక్_ఆర్32 | మెల్బోర్న్ | 7 అక్టోబర్ 2024

ఆరోది నిజంగానే పావు చుట్టు వదులైంది బాబాయ్. బిగించాను. ఫోటోలు సాయంత్రం పాప పడుకున్నాక పెడతాను.